రూప్‌చంద్ చందువకు చుట్టమేనా? రాంనగర్ చేపల వంశవృక్షం: ప్రాజెక్టు డైరీ

పళ్లెంలో పక్కపక్కన పెడితే చందువ (పాంఫ్రెట్), రూప్‌చంద్ ఒకే అచ్చులో పోసినట్టుంటాయి. రెండూ పలుచగా, గుండ్రంగా, రెండు పక్కల నుంచీ అదిమినట్టు ఉంటాయి. హైదరాబాద్‌లో చాలాచోట్ల రూప్‌చంద్‌ను మంచినీళ్ల పాంఫ్రెట్ అంటారు. పేరు కలిసింది, ఆకారం కలిసింది. మరి రక్తసంబంధం ఉందా? బజారులో దొరికే 11 రకాల చేపలు తీసుకుని, ముందు ఒళ్లు చూసి, తర్వాత ఎముకలు చూసి, ఆఖరున డీఎన్‌ఏ చదివి వాటి వంశవృక్షం గీయడమే ఈ ప్రాజెక్టు.

కప్పలో, బల్లులో ఎంచుకోకపోవడానికి కారణం ఉంది. అడవి జంతువులను పట్టాలంటే 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం కింద అనుమతులు కావాల్సి వస్తుంది. బజారు చేపకు ఆ చిక్కు లేదు, పైగా మిగిలింది కూర వండుకోవచ్చు.

జూన్ 3: కొనుగోలు

మృగశిర కార్తెకు ముందే కొనేయాలి. కార్తె రోజు రాంనగర్ మార్కెట్లో కాలు పెట్టే చోటుండదు, ధరలు పెరుగుతాయి, అమ్మేవాళ్లకు మన ప్రశ్నలు వినే తీరిక ఉండదు. ఉదయం ఆరింటికి వెళ్తే ఐసు కరగక ముందే చేప దొరుకుతుంది.

తీసుకున్నవి: రవ్వ, బొచ్చె, బంగారుతీగ, రూప్‌చంద్, పంగస్, వాలుగ, కొర్రమీను, మట్టగిడస, బొమ్మిడాయి, తిలాపియా, చందువ. ఒక్కో రకానికి రెండేసి, వేర్వేరు బుట్టల నుంచి, మొత్తం 22. రెండూ ఒకే బుట్టలోవి తీసుకుంటే ఒకే తల్లి పిల్లలు కావచ్చు. అప్పుడు ఒకే జాతిలో చేపకూ చేపకూ ఎంత తేడా ఉంటుందో తెలియదు.

చేపను అక్కడే కోయించవద్దు. ఆ కత్తిపీటకు పొద్దున్నుంచి తెగిన చేపలన్నిటి రక్తం, జిగురు అంటుకుని ఉంటాయి. తర్వాత పీసీఆర్ (డీఎన్‌ఏ ముక్కకు లక్షల ప్రతులు తీసే పద్ధతి) ఆ మరకను కూడా అంతే నమ్మకంగా పెంచిపెడుతుంది. నిండు చేపనే తెచ్చి, బల్ల మీద కొత్త బ్లేడుతో, వెన్ను పక్కన చర్మం ఒలిచి లోపలి కండ నుంచి కందిగింజంత ముక్క తీశాం. ఒక్కో చేపకు ఒక్కో బ్లేడు. చిమటాను ఒక వంతు బ్లీచుకు తొమ్మిది వంతుల నీళ్లు కలిపిన ద్రావణంలో పది నిమిషాలు ఉంచి, మంచినీళ్లతో కడిగి, తుడిచి వాడాం. స్పిరిటుతో తుడిస్తే సూక్ష్మజీవులు చస్తాయి గానీ డీఎన్‌ఏ పోదు. ఇక్కడ మన శత్రువు డీఎన్‌ఏనే.

ముక్కకు కనీసం పదింతలు 95% ఇథనాల్ పోయాలి, మర్నాడు దాన్ని పారబోసి కొత్తది పోయాలి. కండలోని నీరు మొదటి ఇథనాల్‌ను పలచన చేస్తుంది. మార్చకపోతే ముక్క నెమ్మదిగా కుళ్లుతుంది. ట్యూబు మీద మార్కర్ పెన్నుతో రాసిన అంకె ఇథనాల్ ఒక్క చుక్క తగిలితే చెరిగిపోతుంది. చిన్న కాగితం ముక్క మీద పెన్సిల్‌తో రాసి ట్యూబు లోపలే వేయాలి.

జూన్ 4: లెక్కపెట్టడం

వర్గీకరణలో డీఎన్‌ఏ కంటే ముందు రెక్కల్లోని పుల్లలు లెక్కపెట్టడం నేర్చుకోవాలి. చేపను థర్మోకోల్ షీటు మీద పడుకోబెట్టి, రెక్కను విప్పి గుండుసూదులతో గుచ్చి, వెనక నుంచి టార్చి వేస్తే పుల్లలు విడివిడిగా కనిపిస్తాయి. చివరి రెండు పుల్లలకు మొదలు ఒకటే అయితే రెండూ కలిపి ఒకటిగా లెక్కించాలి. కొత్తవాళ్ల లెక్క పుస్తకంతో ఒకటి తేడా రావడానికి చాలాసార్లు ఇదే కారణం.

కొర్రమీనుకూ మట్టగిడసకూ తేడా ఇక్కడే తేలిపోతుంది. కొర్రమీను, అంటే చన్నా స్ట్రయేటాకు, వీపు రెక్కలో 37 నుంచి 46 పుల్లలు, కింది రెక్కలో 23 నుంచి 29. మట్టగిడస, అంటే చన్నా పంక్టేటాకు, వీపున 28 నుంచి 33, కింద 20 నుంచి 23. వీపు రెక్క లెక్కలు ఎక్కడా కలవవు కాబట్టి పిల్లచేపనైనా తేల్చేయొచ్చు. రంగును నమ్మితే మాత్రం తప్పు పడుతుంది, ఎందుకంటే బురద నీళ్ల చేప, తొట్టి చేప ఒకే జాతివైనా రంగు మారుతుంది. ఈ రెండింటికీ 1793లో పేర్లు పెట్టినవాడు జర్మన్ చేపల శాస్త్రవేత్త బ్లాక్. అప్పుడు ఆయన పెట్టిన ప్రజాతి (దగ్గరి జాతుల గుంపు) వేరు, ఇప్పుడున్న చన్నా వేరు. అందుకే శాస్త్రీయ నామం పక్కన ఆయన పేరూ సంవత్సరమూ కుండలీకరణాల్లో రాస్తారు. బంగారుతీగ పక్కన లిన్నేయస్, 1758 అని కుండలీకరణాలు లేకుండా రాస్తారు, దాని ప్రజాతి నేటికీ మారలేదు కాబట్టి. పేరు రాసే తీరులోనే ఇంత చరిత్ర ఇమిడి ఉంది.

తిలాపియాకు గుర్తు ముక్కు. ఒక్కో పక్క ఒక్కటే రంధ్రం ఉంటుంది, మిగతా చాలా చేపలకు రెండేసి. పార్శ్వరేఖ కూడా మధ్యలో తెగి రెండు ముక్కలుగా ఉంటుంది.

ఇక అసలు జంట. చందువను తిప్పి కడుపు కింద చూడండి. ఉండాల్సిన రెండు చిన్న రెక్కలు ఉండవు. రూప్‌చంద్‌కు అవి ఉన్నాయి. రూప్‌చంద్ వీపు రెక్కకూ తోకకూ మధ్య వేలితో తడిమితే మెత్తటి చిన్న కొవ్వు రెక్క తగులుతుంది, అందులో పుల్లలుండవు. చందువకు అసలు కొవ్వు రెక్కే లేదు. పంగస్‌కు ఉంది. నోరు తెరిస్తే రూప్‌చంద్ పళ్లు మన దవడ పళ్లలా వెడల్పుగా ఉంటాయి, గింజలూ కాయలూ కొరికే పళ్లు. ఇది దక్షిణ అమెరికా నదుల చేప, పయారాక్టస్ బ్రాకీపోమస్, పిరానాల కుటుంబం. మన చెరువుల్లోకి పెంపకం కోసం వచ్చింది.

ఒక బొచ్చె మీద అనుమానం కలిగింది. నమూనా సంఖ్య 4. బొచ్చెకు వీపు రెక్కలో కొసలు చీలిన పుల్లలు 14 నుంచి 16, రవ్వకు 12 నుంచి 14. దీనికి సరిగ్గా 14. తల బొచ్చె తలంత పెద్దగా లేదు, నోరు పైకి తిరిగి ఉంది, కానీ మూతి మూలల్లో సన్నటి మీసాలున్నాయి. బొచ్చెకు మీసాలుండవు. అమ్మినాయన బొచ్చె అనే అన్నాడు. పుస్తకంలో ప్రశ్నార్థకం పెట్టి వదిలాం.

జూన్ 6: ఎముకల గొలుసు

ఆకారం ఎందుకు మోసం చేస్తుందంటే, నీళ్లలో ఒకే రకంగా బతికే వాటికి ఒకే రకం ఒళ్లు అక్కరకొస్తుంది. చుట్టరికం లేకపోయినా అలా తయారవుతుంది. చుట్టరికానికి సాక్ష్యంగా పనికొచ్చేది, ఒక ఉమ్మడి పూర్వీకుడిలో కొత్తగా పుట్టి అతని సంతానానికే దక్కిన లక్షణం. 1950లో జర్మన్ కీటక శాస్త్రవేత్త విల్లీ హెన్నిగ్ గట్టిగా చెప్పినది ఇదే. పొలుసులున్నాయి కాబట్టి రవ్వ, చందువ చుట్టాలు అనడం చెల్లదు. పొలుసులు ఎప్పుడో పాతకాలం నుంచి అందరికీ ఉన్నవి. పంగస్, వాలుగ వాటిని తర్వాత పోగొట్టుకున్నాయి.

అలాంటి కొత్త లక్షణం చాలా మంచినీటి చేపల్లో ఒకటుంది. 1820లో జర్మన్ శాస్త్రవేత్త వెబర్ వర్ణించిన చిన్న ఎముకల గొలుసు. తల వెనక మొదటి నాలుగైదు వెన్నుపూసల ముక్కలే మారిపోయి, గాలితిత్తి అదురును లోపలి చెవికి చేరవేస్తాయి. దీన్ని కళ్లతో చూడటానికి ల్యాబు అక్కర్లేదు. గిన్నె, పాత టూత్‌బ్రష్, సూది చాలు.

తలతో పాటు మెడ వెనక నాలుగు వేళ్ల వెడల్పు ముక్క ఉంచి కోయాలి. నీళ్లు మరిగాక మంట తగ్గించి అందులో వేసి, కండ ఎముకను వదిలే వరకు, కిలో చేపకు పదినిమిషాలు, ఉంచాలి. గాలితిత్తిని ముందే చింపకూడదు. దాని ముందు గోడను ఆనుకునే గొలుసులోని పెద్ద ఎముక ఉంటుంది. సూదితో కండను పోగులు పోగులుగా తీస్తూ, పక్కటెముకలు మొదలయ్యే చోటికి ముందు వెతకాలి. ఎముకల కోసం విడిగా తెచ్చిన రవ్వల్లో మొదటిదాన్ని ఇరవై నిమిషాలు ఉడికించాం. అన్ని కీళ్లూ ఊడిపోయి ఎముకలు గిన్నె అడుగున గుట్టగా మిగిలాయి, ఏది ఎక్కడిదో తెలియలేదు. రెండోది పది నిమిషాలకే దించితే కొడవలిలా వంగిన గోరంత ఎముక, పక్కన దానికి నారతో కట్టిన చిన్నవి, చెక్కుచెదరకుండా వచ్చాయి. ఆ పెద్దదాన్ని సూదితో కొద్దిగా నెడితే ముందున్న చిన్న ఎముక కదిలింది. గొలుసు అంటే ఏమిటో ఆ కదలికతో అర్థమవుతుంది.

బంగారుతీగలో అదే. పంగస్‌లో, వాలుగలో ముందు వెన్నుపూసలు కలిసి గడ్డకట్టి ఉంటాయి కాబట్టి కష్టపడాలి, కానీ ఉన్నాయి. రూప్‌చంద్‌లో విప్పి చూస్తే అదే కొడవలి, అదే చోట. చందువలో లేదు, తిలాపియాలో లేదు, కొర్రమీనులో లేదు.

అంటే ఎముకల ప్రకారం రూప్‌చంద్ దగ్గరి బంధువులు రవ్వ, పంగస్. చందువ కాదు. ఇక డీఎన్‌ఏ ఏమంటుందో చూడాలి.

జూన్ 9: డీఎన్‌ఏ తీయడం

కిట్టు కొనకుండా ఉప్పు పద్ధతిలో తీశాం. ఇథనాల్ ముక్కను టిష్యూ కాగితం మీద అద్ది, 20 నుంచి 25 మిల్లీగ్రాములు తూచి, సన్నగా తరగాలి. 500 మైక్రోలీటర్ల ద్రావణం: ట్రిస్ 10 మిల్లీమోలార్, ఉప్పు 400, ఈడీటీఏ 100, ఎస్‌డీఎస్ అనే సబ్బులాంటి రసాయనం 0.6%. దానికి మిల్లీలీటరుకు 20 మిల్లీగ్రాముల ప్రోటీనేజ్ కే (ప్రోటీన్లను కరిగించే ఎంజైము) 10 మైక్రోలీటర్లు. 55 డిగ్రీల దగ్గర రాత్రంతా. పొద్దున ముక్క కనిపించకుండా కరిగి ఉండాలి, కరగకపోతే ఇంకో 5 మైక్రోలీటర్లు వేసి రెండు గంటలు ఆగాలి.

తర్వాత 6 మోలార్ ఉప్పు నీళ్లు 170 మైక్రోలీటర్లు వేసి బాగా కుదిపి, 12,000 ఆర్‌పీఎమ్‌లో పది నిమిషాలు తిప్పాలి. ప్రోటీన్ తెల్లగా అడుగున పడుతుంది. ఇక్కడ సెంట్రిఫ్యూజ్‌ను చల్లబరచకూడదు. చల్లదనానికి ఎస్‌డీఎస్ గడ్డకట్టి డీఎన్‌ఏ వెంట వచ్చేస్తుంది, తర్వాత పీసీఆర్‌లో ప్రతులు తీసే టాక్ ఎంజైమును చంపేస్తుంది. పైనీటిని కొత్త ట్యూబులోకి తీసి సమానంగా ఐసోప్రొపనాల్ పోసి మెల్లగా పైకీ కిందకీ తిప్పితే పలుచటి తెల్ల దారం కనిపిస్తుంది. తిప్పి, 70% ఇథనాల్‌తో కడిగి, ఆరబెట్టి, 50 మైక్రోలీటర్ల టీఈ బఫర్‌లో కరిగించాలి.

ఆరబెట్టడంలోనే చెయ్యి తిరగాలి. తక్కువ ఆరితే ఇథనాల్ మిగిలి పీసీఆర్ పనిచేయదు, జెల్ (డీఎన్‌ఏ ముక్కలను పొడవును బట్టి విడగొట్టే జెల్లీ పలక) గుంటలో పోసిన నమూనా పైకి తేలి పోతుంది. మరీ ఎక్కువ ఆరితే పొర గాజులా బిగుసుకుని కరగదు. జూన్ ఎండకు పది నిమిషాలు ఎక్కువే. అంచున తడి మెరుపు పోయిన క్షణానే టీఈ వేయాలి.

డీఎన్‌ఏ ఎంత శుభ్రమో చెప్పేది, 260, 280 నానోమీటర్ల దగ్గర అది పీల్చే కాంతి నిష్పత్తి. అది చాలావాటికి 1.8 దగ్గర వచ్చింది. బొమ్మిడాయి రెండింటికీ తక్కువ. దాని ఒంటి జిగురే కారణమని అనుమానం.

జూన్ 11 నుంచి 14: పీసీఆర్

ఏ జన్యువు? మైటోకాండ్రియా డీఎన్‌ఏ ఒక్కో కణంలో ఎన్నో ప్రతులుంటుంది కాబట్టి పాడైన కండలోనూ దొరుకుతుంది. ఈ ఊళ్లో దీనికి పాత పరిచయమే ఉంది. ఏ జంతువు మాంసమైనా, చర్మం ముక్కైనా ఏ జాతిదో చెప్పడానికి సైటోక్రోమ్ బీ జన్యువు ఆధారంగా అన్నిటికీ పనికొచ్చే ప్రైమర్లను (పెంచాల్సిన ముక్క రెండు కొసలా అతుక్కునే చిన్న డీఎన్‌ఏ తునకలను) 2003లో హైదరాబాద్‌లోని పరిశోధన సంస్థ సీసీఎంబీ శాస్త్రవేత్తలే ప్రచురించారు, వేట కేసుల్లో వాడటానికి. మేం చేపలకు ఎక్కువ పోలికలు దొరికే సీవోఐ అనే మరో మైటోకాండ్రియా జన్యువును తీసుకున్నాం. చేపల కోసం 2005లో వచ్చిన ప్రైమర్ జత, ఒక్కోటి 26 అక్షరాలు (డీఎన్‌ఏ రాత ఏ, టీ, జీ, సీ అనే నాలుగు అక్షరాల్లో ఉంటుంది). మధ్యలో చదవాల్సింది 655. జెల్ మీద పట్టీ సుమారు 707 దగ్గర రావాలి.

ఒక్కో ట్యూబు 25 మైక్రోలీటర్లు. మెగ్నీషియం కలిసిన పదింతల బఫర్ 2.5, డీఎన్‌టీపీ 0.5, ప్రైమర్లు 10 మైక్రోమోలార్‌వి 0.5 చొప్పున, టాక్ 0.2, నీళ్లు 19.8, డీఎన్‌ఏ 1. 22 నమూనాలు, డీఎన్‌ఏ లేని ఖాళీ ఒకటి, ముందే పనిచేసిందని తెలిసిన నమూనా ఒకటి. 24కి 25 లెక్కన మిశ్రమం కలిపి, ఒక్కో దాంట్లో 24 మైక్రోలీటర్లు పోశాం. 95 డిగ్రీలు రెండు నిమిషాలు, తర్వాత 94 దగ్గర 30 సెకన్లు, 54 దగ్గర 30 సెకన్లు, 72 దగ్గర నిమిషం, ఇలా 35 సార్లు, చివర 72 దగ్గర పది నిమిషాలు.

మొదటిసారి ఖాళీ ట్యూబులో పట్టీ వచ్చింది. అంటే ఎక్కడో డీఎన్‌ఏ కలిసింది, మిగతా పట్టీలు ఎంత అందంగా ఉన్నా నమ్మకూడదు. మొత్తం పారబోశాం. నీళ్లను, బఫర్‌ను చిన్న ట్యూబుల్లోకి పంచుకుని, డీఎన్‌ఏ తీసే బల్లకూ మిశ్రమం కలిపే బల్లకూ పిపెట్లు వేరు చేస్తే తగ్గింది. రెండోసారి నడుస్తుండగా గాలివానకు కరెంటు పోయింది. కరెంటు వచ్చాక యంత్రం ఆగిన చోటి నుంచి మొదలుపెట్టింది గానీ, మధ్యలో ట్యూబులు గది వేడికి దిగిపోయి ప్రైమర్లు దొరికిన చోటల్లా అతుక్కున్నాయి. జెల్ మీద నిచ్చెన మెట్లలా పట్టీలు. యూపీఎస్ లేకుండా ఈ పని పెట్టుకోవద్దు.

మూడోసారి 18 సరిగ్గా వచ్చాయి. బొమ్మిడాయి రెండూ, చందువ రెండూ రాలేదు. ఒకే ఫలితం, కారణాలు వేరు. బొమ్మిడాయి డీఎన్‌ఏను పదింతలు పలచన చేయగానే వచ్చింది. జిగురు ఎంజైమును అడ్డుకుంటోందన్నమాట, డీఎన్‌ఏ తక్కువై కాదు. చందువకు పలచన పనిచేయలేదు. 54 డిగ్రీలను 50కి దించితే పలుచగా, ప్రైమర్ల రెండో జతతో స్పష్టంగా వచ్చింది. ప్రైమర్ అతుక్కునే చోట అక్షరాలు తేడా ఉన్నాయని అర్థం. ఎప్పుడైనా ముందు పలచన చేసి చూడాలి, తర్వాతే వేడి తగ్గించాలి. వేడి తగ్గిస్తే తప్పుడు పట్టీలకు తలుపు తీసినట్టే.

జూన్ 20: అక్షరాలు చదవడం

రెండు వైపుల నుంచీ చదివించాం, బయట ఇచ్చి. ఒక వైపు చాలదు. ప్రతి చదువులో మొదటి 20, 30 అక్షరాలు అలికినట్టుంటాయి. రెండో వైపు చదువే ఆ ఖాళీ నింపుతుంది.

655 అక్షరాల్లో మొదటిదాన్ని వదిలి మూడేసి చొప్పున విడగొడితే సరిగ్గా 218 అమైనో ఆమ్లాలు వస్తాయి. ఈ పరీక్ష తప్పనిసరిగా చేయాలి. మధ్యలో ఆపు గుర్తు వస్తే అది అసలు జన్యువు కాకపోవచ్చు. మైటోకాండ్రియా జన్యువుల పాత ప్రతులు కొన్ని కేంద్రకంలో పడి శిథిలంగా మిగిలి ఉంటాయి, అవి పెరిగి ఉండొచ్చు. అయితే మొదటిసారి అన్ని చేపల్లోనూ ఎనిమిదో మూడక్షరాల దగ్గరే ఆపు గుర్తు కనిపించి కంగారు పుట్టింది. అక్కడున్నది టీ, జీ, ఏ. మామూలు సంకేతంలో దానర్థం ఆపు. వెన్నెముక జంతువుల మైటోకాండ్రియా సంకేతంలో మాత్రం అది ట్రిప్టోఫాన్. సాఫ్ట్‌వేర్‌లో సంకేత పట్టికను రెండో నంబరుకు మార్చగానే 22 వరుసలూ శుభ్రంగా చదివాయి.

ఈ జన్యువులో ఖాళీలు రాకూడదు. అమరికలో ఒక గీత కనిపించిందంటే వెంటనే అసలు శిఖరాల బొమ్మకు (యంత్రం ఒక్కో అక్షరానికి ఒక్కో శిఖరం గీసే బొమ్మ) వెళ్లి చూడాలి. పంగస్ ఒకదానిలో వరుసగా ఆరు సీలను యంత్రం ఐదుగా లెక్కించింది.

జూన్ 22: పేర్లు

జెన్‌బ్యాంక్‌లో, అంటే అందరూ డీఎన్‌ఏ వరుసలు దాచే ఉచిత భాండాగారంలో, పోల్చినప్పుడు మొదట వచ్చిన పేరునే రాసుకోవద్దు. అక్కడ పెట్టేవాళ్లు చేపను తప్పుగా గుర్తిస్తే ఆ తప్పు అలాగే నిలిచి ఉంటుంది. పై ఇరవై చూడాలి, అందులో నమూనాను భద్రపరిచినవాటికి ఎక్కువ విలువ ఇవ్వాలి. చందువకు కొన్ని పాంపస్ అర్జెంటియస్ అనీ, కొన్ని పాంపస్ కాండిడస్ అనీ వచ్చాయి. రెండో పేరును ఫ్రెంచి శాస్త్రవేత్త క్యూవియే 1829లోనే పెట్టాడు. హిందూ మహాసముద్రపు చందువ వేరే జాతి అని తేల్చి 2019లో ఆ పేరును మళ్లీ నిలబెట్టారు. పాత ఎంట్రీల్లో పాత పేరే ఉంది. జాతి పేరు శిలాశాసనం కాదు, సాక్ష్యం మారితే మారాల్సిందే. బొచ్చె కూడా అంతే. ఒకప్పుడు కాట్లా కాట్లా, ఇప్పుడు చాలామంది దాన్ని రవ్వ ప్రజాతిలోనే కలిపి లాబియో కాట్లా అంటున్నారు.

నమూనా 4: రవ్వ. అనుమానం లేకుండా రవ్వ.

చూపుకు సగం బొచ్చె, డీఎన్‌ఏ మొత్తం రవ్వ. ఇందులో వైరుధ్యం లేదు. మైటోకాండ్రియా తల్లి నుంచే వస్తుంది. హేచరీలో రకరకాల కార్పులను ఒకే తొట్టిలో గుడ్లు పెట్టిస్తే సంకరం పుడుతుంది. తల్లి రవ్వ అయితే సీవోఐ రవ్వ అనే అంటుంది, తండ్రి గురించి ఒక్క మాటా చెప్పదు. తండ్రిని చూడాలంటే కేంద్రకంలోని జన్యువు కావాలి.

జూన్ 25: మొదటి వృక్షం

మెగా సాఫ్ట్‌వేర్‌లో, కిమురా దూరాలతో (రెండు వరుసల మధ్య అక్షరాల తేడా లెక్క), పొరుగు జోడింపు పద్ధతిలో (దూరం తక్కువున్నవాటిని జతచేస్తూ పోయేది), 1,000 బూట్‌స్ట్రాప్‌లు. బూట్‌స్ట్రాప్ అంటే ఆ 655 నిలువు వరుసల్లోంచి చిట్టీలు తీసి, తీసినదాన్ని మళ్లీ డబ్బాలో వేస్తూ, కొత్త 655 తయారుచేసి, ప్రతిసారీ చెట్టు గీయడం. ఒక కొమ్మ వెయ్యిలో ఎన్నిసార్లు వచ్చిందో శాతంగా రాస్తే అదే దాని అంకె. ఎక్కువ వస్తే డేటా ఒకే మాట మీద ఉందని అర్థం, ఆ మాట నిజమని కాదు.

చెట్టుకు వేరు ఎక్కడో చెప్పడానికి బయటి గుంపు కావాలి. మొదట సొరచేపను పెట్టాం, పెద్ద పొరపాటు. అది మరీ దూరం. పొడుగాటి కొమ్మలున్నవి చుట్టరికంతో పని లేకుండా ఒకదాన్నొకటి లాక్కుంటాయి. బొమ్మిడాయి వెళ్లి సొర పక్కన కూర్చుంది. సొరను తీసేసి, ఎముకల చేపల్లోనే పాత శాఖకు చెందిన నోటోప్టెరస్ అనే చేప వరుసను జెన్‌బ్యాంక్ నుంచి తెచ్చి పెడితే అది సర్దుకుంది.

కొమ్మల చివర్లు బాగున్నాయి. ప్రతి రకం రెండు నమూనాలూ జంటగా వచ్చాయి, 4వ నంబరు తప్ప. కొర్రమీను, మట్టగిడస కలిశాయి. రవ్వ, బొచ్చె, బంగారుతీగ కలిశాయి. ఈ కొమ్మలన్నీ 90 పైనే. లోపలికి వెళ్తే మాత్రం గందరగోళం. రూప్‌చంద్ తిలాపియా పక్కన చేరింది, అంకె 31. ఎముకలు చెప్పినదానికి ఇది పూర్తిగా అడ్డం.

ఎముకలు తప్పా, జన్యువు తప్పా? 2005లో ఆస్ట్రేలియా సముద్రాల 207 చేపజాతుల మీద ఇదే జన్యువుతో వచ్చిన సగటు దూరాలు చూస్తే జవాబు కనిపిస్తుంది. ఒకే జాతిలో 0.39%, ఒకే ప్రజాతిలోని జాతుల మధ్య 9.93, ఒకే కుటుంబంలో 15.46, ఒకే క్రమంలో (కుటుంబాల గుంపు) 22.18, ఒకే తరగతిలో (క్రమాల గుంపు) 23.27. మొదట గబగబా పెరిగిన దూరం చివర్లో ఆగిపోయింది. క్రమం నుంచి తరగతికి కొన్ని కోట్ల ఏళ్లు వెనక్కి వెళ్లినా పెరిగింది ఒక్క శాతం. ప్రతి మూడో అక్షరం మారి, మళ్లీ మారి, ఒక్కోసారి మొదటికే వచ్చేసి, పాత జాడను తుడిచేసింది. పలక మీద రాసి చెరిపి రాసి చెరిపితే మొదటి రాత ఎలా చదువుతాం? జాతిని గుర్తించడానికి సీవోఐ గొప్పది, క్రమాల చుట్టరికం అడగడానికి కాదు. 31 అంకె అదే చెబుతోంది: నాకు తెలియదు అని.

మూడో అక్షరాలు తీసేసి మళ్లీ గీశాం. రూప్‌చంద్ తిలాపియాను వదిలింది గానీ ఎక్కడా నిలవలేదు. మిగిలిన అక్షరాల్లో తేడాలు అన్ని లేవు.

జూలై 8: కేంద్రక జన్యువు

రాగ్1 జన్యువు నెమ్మదిగా మారుతుంది, అందుకే పాత సంగతులు దాచి ఉంచుతుంది. సుమారు 1,500 అక్షరాలు. కేంద్రకంలో కణానికి రెండే ప్రతులు కాబట్టి ఒక్క పీసీఆర్ చాలలేదు. మొదటి పీసీఆర్ ఫలితాన్ని 50 రెట్లు పలచన చేసి, లోపలి ప్రైమర్లతో రెండోది నడపాల్సి వచ్చింది. కొన్ని జాతులకు మా సొంత వరుసలు, రానివాటికి జెన్‌బ్యాంక్‌వి. కలిపి గీసేటప్పుడు దూరాల పద్ధతి వదిలి గరిష్ఠ సంభావ్యత పద్ధతికి (మన అక్షరాలు రావడానికి ఎక్కువ అవకాశమిచ్చే చెట్టును వెతికేది) మారాం. ఒక్కో జన్యువుకు ఒక్కో మార్పు నమూనా ఇవ్వాలి, రెండింటికీ ఒకటే ఇస్తే వేగంగా మారే సీవోఐ గొంతే వినిపిస్తుంది.

ఇప్పుడు చెట్టు ఎముకలతో కలిసింది. రవ్వ, బొచ్చె, బంగారుతీగ, పంగస్, వాలుగ, రూప్‌చంద్ ఒక పెద్ద కొమ్మ. గొలుసున్నవన్నీ ఒక ఇంటివే. చందువ ఎదుటి పెద్ద కొమ్మలో, తిలాపియా, కొర్రమీను ఉన్న వైపు. రూప్‌చంద్, చందువల గుండ్రటి ఒళ్లు విడివిడిగా తయారైనవే. కొవ్వు రెక్క ఉన్న రూప్‌చంద్, పంగస్‌లలో ఎవరు ముందు విడిపోయారన్న దగ్గర అంకె 60 దాటలేదు. ఆ ముడిని ఇంత చిన్న డేటాతో విప్పగలమనుకోవడం అత్యాశ, మొత్తం జన్యురాశులు చదివినవాళ్లే అక్కడ వాదించుకుంటున్నారు.

అనుకోకుండా దొరికిన ముచ్చట బొమ్మిడాయి. పాములా ఉంటుంది కాబట్టి చాలామంది ఈల్ అనుకుంటారు. చెట్టు దాన్ని కొర్రమీను, మట్టగిడసల పక్కన పెట్టింది, మంచి అంకెతో. వెనక్కి వెళ్లి చేపను మళ్లీ చూస్తే ఒళ్లు కూడా అదే చెబుతోంది. వీపు మీద మెత్తటి రెక్కకు ముందు విడివిడి ముళ్లు, 32 నుంచి 39 వరకు. వండేముందు గోకేటప్పుడు చేతికి గుచ్చుకునేవి ఇవే. నిజమైన ఈల్‌కు ఆ ముళ్లుండవు. జూన్ 4న లెక్కపెట్టి కూడా ఆ ముళ్ల అర్థం పట్టుకోలేదు.

నమూనా 4 రాగ్1 బొమ్మలో, రవ్వకూ బొచ్చెకూ అక్షరం తేడా ఉండే ప్రతి చోటా రెండు శిఖరాలు ఒకదాని మీద ఒకటి, సమాన ఎత్తులో. సీవోఐలో ఇలా కనిపిస్తే కల్తీ అని పారేస్తాం. ఇక్కడ అదే సాక్ష్యం: ఒక ప్రతి తల్లిది, ఒకటి తండ్రిది. అయినా కల్తీ కాదని రూఢి చేసుకోవడానికి అదే కండ నుంచి రెండోసారి డీఎన్‌ఏ తీసి మళ్లీ చదివించాం. అవే చోట్ల అవే జంట శిఖరాలు.

జూలై 12: సీసాలు

ఒక్కో రకానికి ఒక చేపను సాక్ష్యంగా భద్రపరిచాం. బొచ్చె కింద మాత్రం రెండూ, 4వ నంబరుతో సహా. మిగతావి పని ముగియగానే వంటకు వెళ్లాయి. ఒక వంతు ఫార్మలిన్‌కు తొమ్మిది వంతుల నీళ్లు, కడుపులోకి సిరంజితో ఎక్కించి, పది రోజులు ముంచి ఉంచాలి. తర్వాత ఒక రోజు నీళ్లలో నానబెట్టి, 70% ఆల్కహాల్‌లోకి మార్చాలి. కండ ముక్క ముందే తీసి ఉండాలి. ఫార్మలిన్ తగిలాక డీఎన్‌ఏ ప్రోటీన్‌తో అతుక్కుపోయి మామూలు పద్ధతులకు లొంగదు.

4వ సీసా చీటీ మీద పెన్సిల్‌తో రాసినది: లాబియో రోహితా × లాబియో కాట్లా, తల్లి రవ్వ, రాంనగర్ మార్కెట్, జూన్ 3, బొచ్చె పేరుతో కొన్నది, వీపు రెక్క 14, మీసాలు ఒక జత.